గురువారం మేకు

హామిల్టన్,
ఆగస్టు 9, ఆదివారం

చిట్టితల్లి డార్సీకి,

అమ్మమ్మ రాసేది. నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. బాగున్నామని రాయగానే ఏదో ఒకటి ముంచుకొస్తుంది, అందుకని చెక్కబల్ల మీద రెండుసార్లు తట్టి మరీ రాస్తున్నాను.

నువ్వు గానెట్ కోవ్‌లో దిగావని మీ అమ్మ చెప్పిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నేను పుట్టి, పెళ్లాడి, డెబ్బై ఏళ్లు బతికిన ఊరు అది. దాన్ని వదిలి నేనొచ్చి ఈ పద్నాలుగో అంతస్తులో కూర్చున్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన నువ్వేమో ఉద్యోగానికని అక్కడికి వెళ్లావు. దేవుడికి కూడా ఒక్కోసారి చెయ్యి తడబడుతుందేమో. నా కిటికీలోంచి చూస్తే ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి వెనక సరస్సు. ఎంత పెద్ద సరస్సయితే మాత్రం ఏం లాభం, ఉప్పు వెయ్యని కూరలా ఉంటుంది.

తుఫానుకి విరిగిన, పడవలు ఆగే జెట్టీని మళ్లీ కట్టే పనిలో ఉన్నావట. మంచిది. కానీ అంచుకి వెళ్లకు. తడి చెక్క మీద బూట్లు జారతాయి. రొమ్ముకి చల్లగాలి తగలనివ్వకు.

ఒక్క మాట, తల్లీ. నవంబరు ఆఖరి సోమవారం లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు సముద్రంలోకి దించే రోజు. లాబ్‌స్టర్ పడవలన్నీ ఆ తెల్లవారే కదులుతాయి. ఆ రోజుకి జెట్టీ ఉండాలి. నేను కొత్త పెళ్లికూతుర్ని అయిన ఏడు కూడా జెట్టీ ఇలాగే విరిగింది. మా తమ్ముడు హార్లన్ బోనులన్నీ పక్క రేవు వెస్ట్ హెడ్‌కి మోసుకెళ్లి, అక్కడ పడవలో పేర్చుకుని, నల్లరాళ్ల మొన చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. బరువెక్కిన పడవ. మొన దగ్గర అలలు. ఆ తర్వాత రాయను, నీకు తెలుసు.

పోయిన ఏడు కూడా మనవాళ్లు వెస్ట్ హెడ్ నుంచే వెళ్లారని విన్నాను. ఆ వారమంతా నాకు కునుకు లేదు. ఎలా చేస్తావో ఏమో, ఈ ఏడు అలా జరగనివ్వకు.

ఇంకా ఏం చేస్తున్నావో కాగితం మీద రాసి పంపు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నేను భయంతో నింపుకుంటాను.

చేతులు కాలకుండా, కాళ్లు తడవకుండా ఉండమని,
నీ అమ్మమ్మ వెస్టా


గానెట్ కోవ్,
ఆగస్టు 16

అమ్మమ్మా,

అంచుకి వెళ్లడం లేదు. నా ఉద్యోగమే గదిలో, కంప్యూటర్ ముందు. జెట్టీ కట్టేది మేస్త్రీ లేటన్ గోరమ్, అతని పనివాళ్లు. ఎవరు ఏ రోజు ఏం చెయ్యాలో షెడ్యూల్ తయారుచేసేది నేను. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. నీ కోసం అచ్చు తీసి ఈ ఉత్తరంతో పెట్టాను, మడత విప్పి చూడు.

ఎడమ పక్కన పనుల పేర్లు, ఒకదాని కింద ఒకటి. పాత స్తంభాలు పీకడం, కొత్తవి దింపడం, దూలాలు వెయ్యడం, పైన చెక్కలు పరవడం, నిచ్చెనలు బిగించడం. కుడి పక్కన తారీకులు. ఒక్కో పనికి ఒక్కో పట్టీ. పని ఎన్నాళ్లయితే పట్టీ అంత పొడుగు. దేని తర్వాత ఏదో నేను ముడివేస్తాను. ముందుది ఒక రోజు వెనక్కి జరిగితే తర్వాతవన్నీ వాటంతట అవే వెనక్కి జరుగుతాయి. చెక్క, సామాను మోసుకొచ్చే లారీ ప్రతిసారీ గురువారమే వస్తుంది. శుక్రవారం పొద్దున నేను సరుకు చూసి సంతకం పెడితేనే ఎవరైనా దాన్ని ముట్టుకోవాలి. అది మా కంపెనీ నియమం. అందుకని పెద్ద పనులన్నీ శుక్రవారం మొదలవుతాయి. అంతా అయ్యేది అక్టోబరు 30. బోనులు దించే రోజుకి నెల ముందే! ఇప్పుడు తిను.

ఈ పట్టీలు చూసినప్పుడల్లా నాకు నీ దండెం గుర్తొస్తుంది. నేనొచ్చిన ఆ రెండు వేసవుల్లో పొయ్యి మీద కట్టి ఉండేది. తాతయ్య షెడ్డులో పడవ కడుతుంటే, నువ్వు కాగితం ముక్కల మీద రంపం, పలక, తారు డబ్బా బొమ్మలు గీసి బట్టల క్లిప్పులతో వరసగా తగిలించేదానివి. ఒక పని అవగానే ఆ ముక్క తీసి పొయ్యిలో పడేసేదాన్ని నేను. ఈ ఉద్యోగంలో ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే ఏదో చెబుతాను. నిజానికి కారణం ఆ దండెమే.

ఒక్కటి చెయ్యకు. నేను నీ మనవరాలినని ఇక్కడ ఎవరికీ తెలియదు, నా ఇంటిపేరు నాన్నది కదా. ఎల్బ్రిజ్ తాతయ్య మనవరాలిగా కాదు, పని వచ్చిన మనిషిగా నిలబడాలని నా కోరిక. దయచేసి ఎవరికీ చెప్పకు.

ముద్దులతో,
డార్సీ

ఇంకోటి: కాగితంలో ఎర్రగా ఉన్న పట్టీలు చూశావా? అవి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడని పనులు.


హామిల్టన్,
ఆగస్టు 30

బంగారుతల్లీ,

నీ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మీ అమ్మ పాలు తీసుకోబోయినప్పుడల్లా "నా ఫ్రిజ్ మీద జెట్టీ ఏంటమ్మా!" అంటుంది. అననీ.

అన్నీ చూశాను. నీలం పట్టీలు ముచ్చటగా ఉన్నాయి. కానీ ఎరుపు ఎందుకమ్మా అంత? పైనుంచి కింద దాకా మెట్లలా ఎరుపే. నాలుగో తరగతిలో మిస్ పర్డీ నా పలకంతా ఎర్ర గీతలు పెట్టి అందరి ముందూ పైకెత్తి చూపించింది. ఆ ఏడే మా నాన్న బడి మాన్పించి చేపలకి ఉప్పు పట్టించే పనిలో పెట్టాడు. ఉప్పు అయినా నయమే అనుకున్నాను. నీ పని మీద అన్ని ఎర్ర గీతలు కొట్టిన ఆ మనిషెవరు? నువ్వు నాకు భయం వేస్తుందని వేరేలా చెప్పావు. ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదంటే, ఆలస్యమైతే ఏం చేస్తారు నిన్ను?

దండెం గుర్తుందన్నావు. ఆ మాట చదివి కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. మీ తాతయ్యకి చేతుల్లో ఉన్నంత పని తలలో నిలిచేది కాదు. తారు పూశాక గానీ కంత పూడ్చలేదని గుర్తొచ్చేది కాదు. నాకేమో చదువు లేదు, భయం ఉంది. ఏది మరిచిపోతాడో అన్న భయంతోనే ఆ దండెం కట్టాను. శనివారాలు బీన్స్ కుండ పొయ్యి మీద ఉడుకుతుంటే ఆ ఆవిరికి కాగితాలు మెత్తబడి వేలాడేవి. మొలాసిస్ పాకం పోసిన రొట్టె వాసన వేసేవి. పదకొండు పడవలు ఆ దండెం మీదే తయారయ్యాయి తల్లీ, ముందు కాగితంగా, తర్వాత చెక్కగా.

భయపడకు. నా చేతనైనది నేను చేశాను.

నీ అమ్మమ్మ


గానెట్ కోవ్,
సెప్టెంబరు 20

అమ్మమ్మా,

నీ చేతనైనది ఏమిటో తెలిసింది. మేస్త్రీ లేటన్ గోరమ్‌కి ఉత్తరం రాశావు!

అందరూ టీ తాగే వేళ. డెబ్బై ఏళ్ల మనిషి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, నా ముందు నిలబడి ఆరుగురు పనివాళ్లు వినేలా చదివాడు: "లేటన్, నువ్వు చిన్నప్పుడు మా పెరట్లో ఆపిల్ కొమ్మ విరిచిన సంగతి నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా పిల్ల కాగితం మీద ఎర్ర గీతలు పెట్టకు. దానికి జలుబు తొందరగా చేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. లేటన్ మాత్రం, "అయితే నువ్వు ఎల్బ్రిజ్ మనవరాలివా పిల్లా," అని నన్ను పైనుంచి కిందకి చూసి, "ఊఁ," అని వెళ్లిపోయాడు. ఆ "ఊఁ" ఏమిటో నాకు తెలియలేదు.

ఎర్ర గీతలు ఎవరూ కొట్టలేదు, అమ్మమ్మా! సాఫ్ట్‌వేరే వేస్తుంది, అందరికీ వేస్తుంది. అది తిట్టు కాదు.

ఇంకా ఏమైందో విను. స్తంభాలు దింపడం సెప్టెంబరు 11న మొదలవాలి. దింపే యంత్రం ఉన్న బల్లకట్టు వచ్చి నిలిచింది. పనివాళ్లు రాలేదు. ఒకడికి నడుం పట్టిందట. ఒకడి ట్రక్కు స్టార్ట్ కాలేదట. ఇంకొకడు వాళ్లమ్మని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడట. బల్లకట్టు ఆగదు కదా, ఇంకో ఊరి పనికి వెళ్లి తర్వాతి వారం శనివారానికి గానీ తిరిగి రాలేదు. అన్ని పట్టీలూ వారం వెనక్కి. అప్పటికి నీ ఉత్తరం వాళ్లకి చేరింది. పై ఊరి నుంచి వచ్చిన ఆఫీసు పిల్ల, పైగా అమ్మమ్మ సిఫారసు! ఇక నా మాట ఎవరు లెక్కచేస్తారు?

ఇంకెవరికీ రాయకు. బతిమాలుతున్నాను.

డార్సీ


హామిల్టన్,
సెప్టెంబరు 27

డార్సీకి,

ఉత్తరం అందింది. తప్పయింది. ఇక ఎవరికీ రాయను, నీకు కూడా విసుగు తెప్పించను. ముసలివాళ్లం, మాట ఎక్కడ పెట్టాలో తెలియదు.

బూడిదరంగు ఊలు చేతితొడుగులు పంపుతున్నాను. చేపలవాళ్ల తొడుగులు అవి, ఉప్పునీళ్లలో తడిపితే ఇంకా గట్టిపడతాయి. ఎడమది కొంచెం పెద్దది. కళ్లు సరిగా ఆనలేదు.

వెస్టా


గానెట్ కోవ్,
అక్టోబరు 11

అమ్మమ్మా, అమ్మమ్మా,

నీ ఉత్తరం చదివి వారం రోజులుగా కలం పట్టలేకపోయాను. "వెస్టా" అని సంతకం పెట్టావు. నాకు నువ్వు వెస్టావి ఎప్పుడయ్యావు? నన్ను క్షమించు. ఎడమ తొడుగులో కాగితం ముక్క దూర్చుకున్నాను, ఇప్పుడు సరిగ్గా ఉంది.

ఇక్కడ నా పరువు పోయేలా ఉంది. మళ్లీ జరిగింది. దూలాలు సెప్టెంబరు 25న మొదలవాలి. ఎవరూ రాలేదు. ఈసారి ఒకడికి మేనమామ అంత్యక్రియలు, ఇంకొకడికి మళ్లీ నడుం. మొన్న అక్టోబరు 9న దూలాల మధ్య అడ్డకమ్మీలు బిగించే పని. మళ్లీ అంతే. తప్పిన ప్రతిసారీ బల్లకట్టు కోసం వారం ఆగాలి. అక్టోబరు 30 అనుకున్నది నవంబరు 20కి వచ్చింది.

ఒకసారి మొదలుపెట్టాక మాత్రం పిడుగుల్లా పనిచేస్తారు! వానలో కూడా ఆగరు, శనివారం కూడా వస్తారు. మరి ఈ మొండితనం ఏమిటి? "లేటన్ గారూ, వచ్చే పనికైనా అందరూ వస్తారా?" అని అడిగితే సముద్రం వైపు చూసి, "వస్తే వస్తాం పిల్లా," అన్నాడు.

పైన చెక్కలు పరవడం అక్టోబరు 23న మొదలు. అది కూడా జారితే పని అయ్యేది నవంబరు 27. కానీ మత్స్యకారులు నవంబరు 23 నుంచే బోనులు తెచ్చి జెట్టీ మీద పేర్చుకోవాలి. ఖాళీ లేకపోతే ఈ ఏడు కూడా అన్నీ ట్రక్కులకెత్తి వెస్ట్ హెడ్‌కే. నల్లరాళ్ల మొన చుట్టూ. హార్లన్ తాతయ్య పేరు నువ్వు రాసినప్పటి నుంచి కంప్యూటర్లో ఆ తారీకు చూడలేకపోతున్నాను.

ఇప్పటి దాకా జరిగినవీ, జరగబోయేవీ చేర్చి కొత్త కాగితం పంపుతున్నాను. ఇది నీ ఫ్రిజ్ మీద పెట్టు. నా మీద కోపం పోకపోయినా పెట్టు.

నీ
డార్సీ


హామిల్టన్,
అక్టోబరు 15, గురువారం

నా తల్లీ,

ఈ ఉత్తరాన్ని ఎక్కువ డబ్బు కట్టి తొందర తపాలాలో పంపుతున్నాను. మీ అమ్మని పొయ్యి దగ్గర్నుంచి లాక్కొచ్చి కారు తీయించాను. సూప్ అడుగంటిపోయింది. పోనీ.

నువ్వు పంపిన కాగితం పక్కన చర్చివాళ్లిచ్చిన క్యాలెండర్ పెట్టుకుని చూశాను. వేలితో ఒక్కొక్క గడీ లెక్కపెట్టాను. సెప్టెంబరు 11. సెప్టెంబరు 25. అక్టోబరు 9. ఇప్పుడు 23. తల్లీ, ఇవన్నీ శుక్రవారాలే కదా!

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, పెద్ద పనులన్నీ శుక్రవారం మొదలవుతాయని. నేను ఎరుపు చూసి బెదిరి, ఆ ముక్క మీద నుంచి దాటిపోయాను. నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

గానెట్ కోవ్‌లో శుక్రవారం నాడు ఎవరూ దేన్నీ మొదలుపెట్టరు. పడవ కొత్తగా నీళ్లలోకి తొయ్యరు. వల అల్లడం మొదలెట్టరు. దుప్పటి కుట్టడం కూడా. మొదలైన పని కొనసాగించడానికి అడ్డులేదు, మొదలుపెట్టడమే కూడదు. ఎందుకని అడిగితే ఒక్కడూ చెప్పడు, చెబితే అదే తగులుతుందని భయం. అందుకే నడుం నొప్పులు, పళ్ల డాక్టర్లు. నిన్ను తక్కువ చేసి కాదమ్మా. వాళ్లు నీ జెట్టీని కాపాడుతున్నామనుకుంటున్నారు.

మీ తాతయ్య ఏం చేసేవాడో చెబుతాను. పడవ పని శుక్రవారం నుంచి తప్పదంటే, గురువారం సాయంత్రం భోజనానికి ముందు షెడ్డుకి వెళ్లి ఒక్క మేకు కొట్టేవాడు. అదీ సగమే. మిగతా సగం బయటికే. చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుని, "మొదలైపోయింది వెస్టా, ఉప్పుచేప వడ్డించు," అనేవాడు. పంది కొవ్వు ముక్కలు చిటపటమంటూ ఉండేవి. మర్నాడు శుక్రవారం వెళ్లి మిగతా సగం దిగేసేవాడు. మొదలుపెట్టింది గురువారం కదా, శుక్రవారానికి ఏ దోషం లేదు. ఆ సగం మేకు బొమ్మ కూడా దండెం మీద ఉండేది, నువ్వు పొయ్యిలో వేసి ఉంటావు.

లేటన్‌కి ఇదంతా తెలుసు. మీ తాతయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. కానీ గురువారం వచ్చిన చెక్కని నీ సంతకం లేకుండా ముట్టుకోకూడదని మీ నియమం అన్నావు. వాడు నియమం మీరడు, నోరు విప్పడు. నువ్వే విప్పాలి. 22న లారీ రాగానే ఒక్క చెక్క చూసి సంతకం పెట్టు. ఒక్కటి చాలు.

చీకటి పడే లోపు చెయ్యి. తడి చెక్క మీద జాగ్రత్త.

కోపమా? నీ మీదా? మతి పోయిందా నీకు?

నీ అమ్మమ్మ


గానెట్ కోవ్,
అక్టోబరు 25

మా అమ్మమ్మకి,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. గురువారం మూడింటికి లారీ వచ్చింది. పైనున్న చెక్క ఒక్కటి దింపించి, చూసి, సంతకం పెట్టాను. లేటన్ దూరంగా నిలబడి పొగాకు పైపు పీలుస్తున్నాడు. పనివాళ్లు ఇళ్లకి వెళ్లడానికి మూటలు సర్దుకుంటున్నారు.

"లేటన్ గారూ, ఈ చెక్కకి ఒక్క మేకు కొట్టాలి," అన్నాను.

"రేపు కదా నీ కాగితంలో."

"రేపు కాదు. ఇప్పుడే. సగం దిగితే చాలు."

పైపు నోట్లోంచి తీశాడు. అందరూ మూటలు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"ఎవరు చెబుతారు? ఆపిల్ కొమ్మ సంగతి దాచిపెట్టినావిడే."

అప్పుడు నవ్వారు అమ్మమ్మా! నడుం నొప్పి మనిషి అందరికంటే గట్టిగా, వంగి మరీ నవ్వాడు. "నడుం ఎలా ఉంది?" అని అడిగితే, "ఇప్పుడే నయమైంది," అన్నాడు. లేటన్ సుత్తి తెచ్చి నా చేతికిచ్చాడు. "నేనెందుకు?" అంటే, "ఎల్బ్రిజ్ ఇంటి మేకు నేనెలా కొడతాను?" అన్నాడు. మొదటి దెబ్బ వేలి మీద పడింది. రెండోది మేకు మీద. సగం దిగగానే నా చెయ్యి పట్టి ఆపాడు. "చాలు పిల్లా. మీ అమ్మమ్మ ఉత్తరం చదవగానే చెబుదామనుకున్నా, నోరు రాలేదు. ఎల్బ్రిజ్ మనవరాలై ఉండి శుక్రవారం ఎందుకు మొదలెడుతోందా అని నెల నుంచి నిద్రలేదు నాకు."

ఆ "ఊఁ" అర్థం అదన్నమాట.

శుక్రవారం ఏడింటికల్లా ఆరుగురూ వచ్చారు. లేటన్‌తో కలిపి ఏడుగురు.

నా షెడ్యూల్లో కొత్త పంక్తి చేర్చాను. పేరు "గురువారం మేకు". పట్టే సమయం: సున్నా రోజులు. హాలిఫాక్స్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "ఏంటిది? ఇది తీసేసినా తారీకు మారడం లేదే," అన్నారు. "కంప్యూటర్లో మారదు," అన్నాను.

వేలు నీలంగా ఉంది. ఐస్ పెట్టాను. కంగారు పడకు.

నీ
డార్సీ


గానెట్ కోవ్,
నవంబరు 20

అమ్మమ్మా,

అయిపోయింది. ఆఖరి నిచ్చెన ఇందాకే బిగించారు. సోమవారం నుంచి బోనులు వస్తాయి, అప్పుడే ఒకాయన ఆగలేక నాలుగు తెచ్చి మూలన పెట్టుకున్నాడు. ఈ ఏడు వెస్ట్ హెడ్‌కి ఎవరూ వెళ్లరు.

కొత్త చెక్కలన్నిటి మధ్యా ఒక్క మేకు తల కొంచెం వంకరగా ఉంది. అది నాది. సరిచేస్తానంటే లేటన్ ఒప్పుకోలేదు.

హార్లన్ తాతయ్య పోయిన దగ్గర్నుంచి బోనులు దించే రోజున నువ్వు ఒక్కసారి కూడా జెట్టీకి రాలేదని, తెల్లవారేదాకా పొయ్యి వైపు తిరిగి కూర్చునేదానివని లేటన్ చెప్పాడు. ఈసారి రా. నా పక్కన నిలబడు. అమ్మతో మాట్లాడాను, టిక్కెట్టు కొన్నాను. ప్రయాణానికి షెడ్యూల్ కూడా వేశాను, ఒక్క ఎర్ర పట్టీ కూడా లేకుండా.

విమానంలో సీటు దొరికింది మాత్రం శుక్రవారం, 27న. ఏం చెయ్యాలో నీకు తెలుసు.

ఎదురుచూసే
డార్సీ


హామిల్టన్,
నవంబరు 26, గురువారం

నా తల్లీ,

ఈ ఉత్తరం నాకంటే వెనక వస్తుంది. అయినా రాస్తున్నాను, రాయకపోతే సర్దిన పెట్టె మళ్లీ విప్పేస్తాను.

విమానం పడిపోతే? నా చెవులు పగిలిపోతే? సోమవారం తెల్లవారి గాలి లేస్తే? లేటన్ నన్ను చూసి గుర్తుపట్టకపోతే? మీ అమ్మ "అమ్మా, కూర్చో" అంటుంది. కూర్చుంటే ఇంకా ఎక్కువ గుర్తొస్తాయి. ఆ రోజు హార్లన్ వెళ్తూ నా వంటింటి తలుపు తోసి, "అక్కా, రొట్టె ఉంచు," అన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నాను, చేతులనిండా పిండి. వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్నేళ్లూ నేను అటు తిరిగే ఉన్నాను తల్లీ. ఈసారి సముద్రం వైపు తిరిగి నిలబడతాను. నా చెయ్యి పట్టుకో.

ఇప్పుడు సాయంత్రం నాలుగైంది. ఇందాక కోటు తొడుక్కున్నాను, బూట్లు వేసుకున్నాను. పెట్టె లాక్కుంటూ వరండా దాటి లిఫ్టు దాకా వెళ్లాను. లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఒక కాలు లోపల పెట్టి, తీసేశాను. పక్కింటావిడ చూసి, "ఎక్కడికి వెస్టా?" అంది.

"ఎక్కడికీ కాదు. మొదలుపెట్టాను," అన్నాను.

పెట్టె లోపలికి తెచ్చుకుని, చేతులు కడుక్కుని, బల్ల ముందు కూర్చున్నాను. మీ అమ్మ ఉప్పుచేప వండింది.

సగం దిగింది తల్లీ. మిగతా సగం రేపు.

నీ అమ్మమ్మ